రావణుడికీ ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంది... అయితే?



ఈ వారం వీడియోలో శూర్పణఖ గురించి మాట్లాడుకున్నాం కదా. 12 నిమిషాల్లో చెప్పగలిగింది కొంతే. అసలు ఆ వీడియో చేయడానికి కారణమైన ప్రశ్న ఒకటుంది. దాని జవాబు నా సొంత తప్పుతో ముడిపడి ఉంది. అందుకే కెమెరా ముందు చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిగ్గా చదవండి.

రెండు నెలల క్రితం సంగతి. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో ఒక కాఫీ షాపులో కూర్చున్నాం. నాతో ఉన్న కుర్రాడు ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్. ఇంకా పాతికేళ్ళు నిండలేదు. నేనూ ఒకప్పుడు అదే లైన్లో ఉన్నవాణ్ణి కాబట్టి, కొత్త కథ రాసుకున్నప్పుడల్లా నాకు వినిపిస్తాడు. ఆ రోజు వినిపించింది లంక కథ. మొదటి సీను, శూర్పణఖ రక్తం కారుతున్న ముఖంతో అన్నగారి సభలోకి రావడం. చివరి సీను, రణభూమిలో రావణుడి కళ్ళు మూతపడటం. రాముడు ఎక్కడా దగ్గరగా కనిపించడు. దూరం నుంచి వచ్చే బాణంలా మాత్రమే ఉంటాడు.

కథ బాగుంది. నిజంగానే బాగుంది. చెప్పడం అయ్యాక వాడు కాసేపు కప్పు తిప్పుతూ కూర్చుని అడిగాడు. "అన్నా, ఒకటడుగుతా, ఏమనుకోవద్దు. రావణుని దిక్కు నుంచి కథ చెప్తే పాపం తగుల్తదా? మా అమ్మకు చెప్తే కొట్టినంత పని చేసింది."

నేను నవ్వేశాను. జవాబు మాత్రం చెప్పలేకపోయాను. భక్తి ఛానల్‌కి స్క్రిప్టులు రాసేవాణ్ణి, "పాపమే" అనేసి లేచి రావచ్చు. "కళకి పాపపుణ్యాలేంట్రా" అని వాడికి నచ్చే మాట చెప్పి కాఫీ బిల్లు కట్టేయచ్చు. రెండూ సులువే. రెండూ నిజం కాదని మాత్రం నాకు అనిపించింది.

ఇది మనకు కొత్తేమీ కాదు

వాడికి ఈ ఆలోచన వచ్చింది 2014లో వచ్చిన 'మేలిఫిసెంట్' సినిమా నుంచి. మీలో చాలామంది చూసే ఉంటారు. 1959లో డిస్నీ వాళ్ళు తీసిన 'స్లీపింగ్ బ్యూటీ'లో పసిపాపను శపించే మంత్రగత్తె ఉంటుంది కదా, ఆమె వైపు నుంచి అదే కథను మళ్ళీ చెప్పారు. ఏంజెలీనా జోలీ వేసింది. ఆమెను ప్రేమించానన్న మనిషే సింహాసనం కోసం ఆమె రెక్కలు కోసుకుపోతాడు. ఆ కోపంతో అతని కూతురిని ఆమె శపిస్తుంది. "రెక్కలు కోసినోణ్ణి ఒదిలేసి ఆమెను రాక్షసి అంటిరి" అన్నాడు మా వాడు. నిజమే.

కానీ ఈ పద్ధతి మనకు హాలీవుడ్ నేర్పింది అనుకుంటే పొరపాటు. మన పరిశ్రమ ఇంకా ఎక్కువగా మద్రాసులో ఉన్న రోజుల్లోనే ఎన్టీ రామారావు గారు ఈ పని చేశారు. 1957లో 'మాయాబజార్'లో ఆయన్ని కృష్ణుడిగా చూసి జనం చేతులెత్తి దణ్ణం పెట్టారు. మరుసటి ఏడాదే 'భూకైలాస్'లో రావణుడిగా వచ్చారు. తల్లి కోరిక తీర్చడానికి ఆత్మలింగం కోసం తపస్సు చేసే రావణుడు. 1961లో దర్శకుడిగా తొలి సినిమా 'సీతారామ కల్యాణం' తీసినప్పుడు ఆయన ముందు రెండు దారులున్నాయి. రాముడి వేషం తనే వేసుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఆయన మాత్రం హరనాథ్ గారికి రాముడి వేషం ఇచ్చి, తను రావణుడు అయ్యారు. తన ప్రేగులనే తీగలు చేసి వీణ వాయించి శివుణ్ణి మెప్పించే ఘట్టం అందులోనిదే.

1977 సంక్రాంతికి వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో ఆయన కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, ముగ్గురూ తనే. దుర్యోధనుడికి కొండవీటి వెంకటకవి గారి సంభాషణలు, భానుమతితో ఒక డ్యూయెట్ కూడా. ఇక 1978లో 'శ్రీరామ పట్టాభిషేకం'లో రాముడూ ఆయనే, రావణుడూ ఆయనే. మన తాతలు ఆ సినిమాలు చూసి రావణుడికి చప్పట్లు కొట్టారు, ఇంటికొచ్చి రాముడి పటం ముందు దీపం పెట్టారు. వాళ్ళకి ఆ రెండిటికీ గొడవ కనిపించలేదు. ఎందుకు కనిపించలేదు? నన్ను అసలు పట్టుకున్న ప్రశ్న ఇది.

పూర్వపక్షం అంటే ఏమిటి

మన శాస్త్ర గ్రంథాల్లో ఒక పద్ధతి ఉంది. ఏ విషయం మీద వాదం చేసినా ముందు ఎదుటివాడి మాటను పూర్తిగా చెప్పాలి. దాన్ని పూర్వపక్షం అంటారు. అదీ వెక్కిరిస్తూ, బలహీనంగా చెప్పకూడదు. అతను స్వయంగా వచ్చి చెప్పినా అంతకన్నా బాగా చెప్పలేడు అన్నంత బలంగా చెప్పాలి. ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే మన నిర్ణయం. పూర్వపక్షం సరిగ్గా చెప్పలేనివాడి సిద్ధాంతానికి విలువ లేదు.

రామాయణం కూడా ఈ మర్యాద పాటించింది. వాలిని చూడండి. చెట్టు చాటు నుంచి వచ్చిన బాణం తగిలి కింద పడ్డాక రాముణ్ణి నిలదీస్తాడు. "నీతో నాకు పగ లేదు, నన్నెందుకు కొట్టావు" అన్న అర్థం వచ్చేలా ఎంతసేపు మాట్లాడతాడో. వాల్మీకి ఆ నోరు నొక్కలేదు. రాముడు కూడా మొత్తం విన్న తర్వాతే జవాబు చెప్పాడు. ఆ జవాబు సరిపోతుందా లేదా అని ఈ రోజుకీ పండితులు చర్చించుకుంటూనే ఉన్నారు. మన సంప్రదాయం ఆ చర్చకు భయపడలేదు.

రావణుడి విషయానికొస్తే, ఉత్తరకాండలో అతని పుట్టుక, తపస్సు, వరాలు, జైత్రయాత్రలు అన్నీ వివరంగా ఉన్నాయి. ఈ కాలం భాషలో చెప్పాలంటే పెద్ద ఫ్లాష్‌బ్యాక్. సుందరకాండలో హనుమంతుడు బందీగా సభలోకి వెళ్ళి, శత్రువైన రావణుణ్ణి దగ్గరగా చూసి, ఆ తేజస్సుకు ఆశ్చర్యపోతాడు. అధర్మం ఒక్కటి లేకపోతే ఇతను దేవలోకాన్ని కూడా కాపాడగలిగేవాడు కదా అనుకుంటాడు. అన్నవాడు ఎవరు? రామభక్తుల్లో అందరికన్నా ముందు నిలిచేవాడు. భాగవతం ఇంకా వెనక్కి వెళ్ళి జయవిజయుల కథ చెప్పింది. వైకుంఠం వాకిట నిలబడిన ద్వారపాలకులే శాపం వల్ల రావణ కుంభకర్ణులుగా పుట్టారంటుంది. విలన్ మొదట స్వామి ఇంటి మనిషే!

కాబట్టి తమ్ముడూ, రావణుడి వైపు కథ చెప్తే పాపం తగలదు. వాల్మీకికే తగలలేదు. వాడికి ఈ మాట అప్పుడే చెప్పేసి ఉండేవాణ్ణి. కానీ ఇంకో సగం నా గొంతులో అడ్డుపడింది.

కారణం వేరు, సమర్థన వేరు

శూర్పణఖ దగ్గరికి మళ్ళీ వద్దాం. చెల్లెలి ముక్కూచెవులు కోశారు. అన్నకి కోపం రాదా? వస్తుంది. న్యాయమైన కోపమే. మా వాడి కథంతా ఈ కోపం మీదే నిలబడింది.

అయితే అరణ్యకాండలో ఆ సభ సన్నివేశాన్ని నిదానంగా చదవండి. శూర్పణఖ తన అవమానం చెప్పుకుని అక్కడితో ఆగదు. సీత అందాన్ని వర్ణిస్తుంది. నీకు భార్యగా తెద్దామని వెళ్తే నాకీ గతి పట్టింది అంటుంది. ఆ తర్వాత రావణుడి ఆలోచన ఎటు పోయిందో చూడండి. చెల్లెలికి జరిగినదానికి లెక్క తేల్చాలంటే గాయం చేసినవాళ్ళతో యుద్ధం చేయాలి. అతను చేసింది వాళ్ళు లేని సమయం చూసి, సన్యాసి వేషంలో, ఏ తప్పూ చేయని మూడో మనిషిని ఎత్తుకుపోవడం. "చెల్లెలి కోసం" అన్న మాట లోపల "నా కోసం" అన్న కోరిక ఎప్పుడు దూరిందో బహుశా అతనికి కూడా తెలియదు.

ఇంకొకటి. ఉత్తరకాండ ప్రకారం శూర్పణఖ భర్త విద్యుజ్జిహ్వుణ్ణి యుద్ధంలో చంపింది రావణుడే. చెల్లెలు వచ్చి ఏడిస్తే ఓదార్చి దండకారణ్యానికి పంపించాడు. ఆమెకు జరిగిన అతి పెద్ద అన్యాయం చేసినవాడే ఆమె పేరు చెప్పి యుద్ధం తెచ్చుకున్నాడు. చెల్లెలి కన్నీళ్ళ మీద నడిచే సినిమాలో ఈ సీను కూడా ఉండాలి కదా? మా వాడి స్క్రిప్టులో లేదు. సీతకు డైలాగులు కూడా రెండే ఉన్నాయి.

ఇక్కడే నాకు తేడా అర్థమైంది. కారణం చెప్పడం అంటే ఆ పని ఎలా జరిగిందో చూపించడం. సమర్థించడం అంటే ఆ పనికి బలైనవాళ్ళను ఫ్రేములోంచి తప్పించడం. ఎవరో ఒకరిని బయటికి నెట్టకుండా విలన్‌ని హీరో చేయడం కష్టం. 'మేలిఫిసెంట్'లో కూడా ఆమె మంచిది అవ్వాలంటే రాజు స్టెఫాన్ పూర్తిగా చెడ్డవాడు అవ్వాల్సి వచ్చింది. అతని వైపు ఎవరు చెప్పాలి? రాక్షసుడి కుర్చీ ఖాళీ కాలేదు, అందులో కూర్చున్న మనిషి మారాడు, అంతే.

అయినా ఆ సినిమాలో నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. ఆ పిల్ల పెరుగుతుంటే చూసి మేలిఫిసెంట్ మనసు మారుతుంది. నిద్రపోతున్న పిల్ల పక్కన నిలబడి తన శాపాన్ని వెనక్కి తీసుకోవాలని ప్రయత్నిస్తుంది. కుదరదు. ఈ శాపాన్ని ఏ శక్తీ తొలగించలేదని చెప్పింది తనే. కోపం పోయింది, కారణం కూడా పాతబడింది, అన్న మాట మాత్రం పని చేస్తూనే ఉంది. మన పురాణాల్లో శాపాలకు కూడా ఇదే నియమం.

ఆ సీను నన్ను ఎందుకు అంత పట్టుకుందో ఇప్పుడు చెప్తాను.

నా ఫ్లాష్‌బ్యాక్

ఏడేళ్ళ క్రితం కృష్ణానగర్‌లో ఒక గదిలో నేనూ, కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక స్నేహితుడూ ఉండేవాళ్ళం. పగలు ఆఫీసుల చుట్టూ తిరగడం, రాత్రి కథ రాసుకోవడం. ఒక కథ ఇద్దరం కలిసి తొమ్మిది నెలలు రాశాం. ఒక రోజు నాకు చెప్పకుండా వాడొక్కడే ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఆఫీసుకి వెళ్ళి ఆ కథ వినిపించాడు. వాడికి రైటింగ్ డిపార్ట్‌మెంట్‌లో పని దొరికింది. నాకు ఆ సంగతి మూడో మనిషి ద్వారా తెలిసింది.

నాకు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను వాణ్ణి అడగలేదు. గదిలో గొడవ కూడా పెట్టుకోలేదు. కింద టీ కొట్టు దగ్గర నలుగురి ముందు "వాడు నా కథ కొట్టేశాడు" అన్నాను. కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర అన్న మాట సాయంత్రానికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటుతుంది. పది రోజుల్లో వాడి పని పోయింది. కథ దొంగ అన్న పేరు పడితే మా లైన్లో ఇంకో ఆఫీసు గుమ్మం ఎక్కడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

తర్వాత తెలిసింది. వాడు కథ చెప్పిన రోజే ఇద్దరం రాశామని చెప్పాడు. ఇప్పటికి ఒక్కరినే తీసుకోగలం, రెండో అబ్బాయి సంగతి తర్వాత చూద్దాం అన్నారట. నాకు ఆ మాట చెప్పలేక, ముందు నన్ను కూడా లోపలికి తీసుకొచ్చాక చెబుదామని ఆగాడు. వాడు చేసింది పూర్తిగా ఒప్పు అనను. తొమ్మిది నెలలు కలిసి రాసిన మనిషికి ముందే చెప్పాలి. నా కోపానికి కారణం ఉంది. ఇప్పటికీ ఉంది.

కానీ ఆ కారణాన్ని నేను ఏడేళ్ళు ఎలా వాడుకున్నానో చూడండి. ఎవరైనా ఆ విషయం ఎత్తితే మొదటి సీను నుంచి మొదలుపెట్టేవాణ్ణి. తొమ్మిది నెలలు, నిద్ర లేని రాత్రులు, మూడో మనిషి ద్వారా తెలియడం. టీ కొట్టు సీను వచ్చేసరికి కథ గబగబా ముగించేవాణ్ణి. వినేవాళ్ళు పాపం నన్ను చూసి జాలిపడేవాళ్ళు. నా సినిమాలో నేనే హీరో, దర్శకుణ్ణి, ఎడిటర్‌ని కూడా. వాడి ముఖం క్లోజప్‌లో ఒక్కసారి కూడా రాలేదు. మా కుర్రాడి కథలో రాముడు దూరం నుంచి వచ్చే బాణంలా మిగిలిపోయినట్టే.

కాఫీ షాపులో నాకు మాట రాకపోవడానికి కారణం ఇదే.

ఎవరి ఫ్లాష్‌బ్యాక్ ఎవరి చేతిలో ఉండాలి

యుద్ధకాండలో రావణుడు పడిపోయాక విభీషణుడు వెనకాడతాడు. ఇంత అధర్మం చేసినవాడికి అంత్యక్రియలు చేయాలా అని. అప్పుడు రాముడే చెప్తాడు, చావుతో పగ తీరిపోయిందనీ, ఇతను నీకెంతో నాకూ అంతేననీ, చేయవలసిన సంస్కారం చేయమనీ. భార్యను ఎత్తుకుపోయినవాడి గురించి రాముడి మాట ఇది. రావణుడి గొప్పతనాన్ని, అతని వైపును గుర్తుపెట్టుకున్నవాడు రాముడు.

అదే రావణుడు బతికుండగా తన వైపును ఎలా వాడాడు? మారీచుడు వద్దన్నాడు, చంపుతానని బెదిరించాడు. విభీషణుడు వద్దన్నాడు, సభలో అవమానించాడు. కుంభకర్ణుడు కూడా చేసింది తప్పేనన్నాడు. అశోకవనంలో సీత గడ్డిపోచ అడ్డం పెట్టుకుని, ఇప్పటికైనా నన్ను పంపించి రాముడితో స్నేహం చేసుకో, శరణు అన్నవాణ్ణి ఆయన వదలడు అని దారి కూడా చూపించింది. ఇన్ని తలుపులు తెరిచి ఉన్నా ఒక్కదాన్లోంచీ బయటికి రాలేదు. అవమానం, వంశం, పరాక్రమం, చెల్లెలు... తన ఫ్లాష్‌బ్యాక్‌నే కోట గోడగా కట్టుకున్నాడు.

2017లో వచ్చిన 'జై లవ కుశ'లో జూనియర్ ఎన్టీఆర్ వేసిన జై పాత్ర గుర్తుందా? నత్తి ఉందని చిన్నప్పుడు స్టేజీ మీద పక్కన పెడతారు, సొంత తమ్ముళ్ళే వెక్కిరిస్తారు. ఆ పిల్లాణ్ణి చూస్తే నాకు కన్నీళ్ళొచ్చాయి. పెద్దయ్యాక అతను రావణుణ్ణే ఆదర్శంగా పెట్టుకుంటాడు. ఆ గాయం మనం చూడాలి, అతనిలాంటి పిల్లాడు మన ఇంట్లో ఉన్నాడేమో వెతకాలి. అయితే అదే గాయం జై చేతిలో ఆయుధమైనప్పుడు అతను చేసినదానికి బాధ్యుడు అతనే.

నాకు అర్థమైనంతలో ధర్మం ఇక్కడ ఒక వింత లెక్క పెట్టింది. ఎదుటివాడి కథ వినేటప్పుడు అతని ఫ్లాష్‌బ్యాక్ నుంచి మొదలుపెట్టాలి. నా కథ నేను చెప్పుకునేటప్పుడు నేను చేసిన పని నుంచి మొదలుపెట్టాలి. మనం రోజూ దీన్ని తిరగేస్తాం. ఆఫీసులో కొలీగ్ మనకు క్రెడిట్ ఇవ్వకపోతే వాడు చెడ్డవాడు. మనం ఇవ్వకపోతే ఆ రోజు మనకు తలనొప్పి. నాన్న అరిస్తే కోపిష్టి. మనం అరిస్తే స్ట్రెస్. మన తాతలు సినిమా హాల్లో రావణుడికి చప్పట్లు కొట్టి ఇంట్లో రాముడికి దణ్ణం ఎలా పెట్టారో ఇప్పుడు నాకు కొంచెం తెలుస్తోంది. అతని బాధ అర్థం చేసుకోవడానికి వెళ్ళారు. అతన్ని చూపించి తమ తప్పులు ఒప్పు చేసుకోవడానికి వెళ్ళలేదు.

ఆ తర్వాత

కాఫీ షాపు రోజు తర్వాత రెండు వారాలు తటపటాయించి, పాత స్నేహితుడి నంబరు సంపాదించి, వాడింటికి వెళ్ళాను. ఇప్పుడు మణికొండలో ఉంటున్నాడు. సినిమా వదిలేసి ఒక ఐటీ కంపెనీలో కంటెంట్ రాస్తున్నాడు. తలుపు తీసి ఒక్క క్షణం చూసి "రారా" అన్నాడు. టీ పెట్టాడు. నేను మొదటిసారి టీ కొట్టు సీను నుంచి మొదలుపెట్టి చెప్పాను. తొమ్మిది నెలల సంగతి ఎత్తలేదు.

వాడే ఎత్తాడు. "నీకు ముందే చెప్పాల్సింది రా. నీ బాధ నాకు అప్పుడే తెలుసు" అన్నాడు. కాసేపాగి, "కానీ ఆ పని పోయాక మళ్ళీ పెన్ను పట్టుకోలేదు రా" అన్నాడు.

ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు. వాడు నన్ను క్షమించాడనే అనుకుంటున్నాను. వాడు రాయకుండా పోయిన ఏడేళ్ళు మాత్రం తిరిగిరావు. మేలిఫిసెంట్ తన శాపాన్ని వెనక్కి తీసుకోలేక నిలబడిపోయిన సీను ఇందుకే చెప్పాను.

మా కుర్రాడికి ఇప్పుడు జవాబు చెప్పాను. "నీ సినిమా తియ్యి తమ్ముడూ. రావణుణ్ణి ఎంత గొప్పగా చూపిస్తావో చూపించు. మూడు సీన్లు మాత్రం వదలకు. విద్యుజ్జిహ్వుడి కోసం శూర్పణఖ ఏడవడం ఒకటి. గడ్డిపోచ అవతల సీత మాట్లాడటం రెండు. వద్దన్న ప్రతి మనిషినీ అతను చూసిన చూపు మూడు. ఇవన్నీ పెట్టాక కూడా చూసినవాళ్ళు అతని కోసం ఏడిస్తే, ఆ ఏడుపు మంచిదే." వాడు చాలాసేపు ఆలోచించి, "అన్నా, సీతమ్మకు ఇంకో నాలుగు సీన్లు పడతయ్ అయితే" అన్నాడు. వాళ్ళమ్మగారికి ఈ వెర్షన్ వినిపించాడట. ఈసారి కొట్టలేదు.

ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. శ్రీరామనవమి వస్తే మన వీధి వీధినా పందిట్లో మోగే సీతారాముల కల్యాణం పాట ఉంది కదా, సముద్రాల గారు రాసి, గాలి పెంచల గారు బాణీ కట్టి, సుశీలమ్మ గారు పాడిన పాట. అది 1961 నాటి 'సీతారామ కల్యాణం' లోదే. ఎన్టీఆర్ గారు రావణుడి వేషం ఎంచుకున్న సినిమా అది. రావణుడికి అంత చోటిచ్చిన సినిమా నుంచి మన ఇళ్ళకు ఏటా వచ్చేది మాత్రం సీతారాముల పెళ్ళి పాట. కృష్ణానగర్‌లో ఉన్న రోజుల్లో గది కింద పందిట్లో అది మోగుతుంటే నేనూ, వాడూ కిటికీ దగ్గర కూర్చుని వినేవాళ్ళం. వచ్చే నవమికి వాణ్ణి పందిరికి పిలిచాను. చూస్తానన్నాడు.

ఈ వారం మీకు ఒక చిన్న సాధన. మీరు పదిమందికి పదేపదే చెప్పే మీ గొడవ ఒకటి ఉంటుంది. ఈ రాత్రి దీపం దగ్గర కూర్చుని దాన్ని రెండోవాళ్ళ వైపు నుంచి ఒక్కసారి చెప్పుకోండి, బయటికే. అందులో మీరు ఎలా కనిపిస్తారో చూడండి. ఫోన్ చేయాలనిపిస్తే రేపటిదాకా ఆగకండి.

జై శ్రీరామ్. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.